జేమ్స్ బర్టన్ గిటారు: తరచుగా అడిగే ప్రశ్నలు

జేమ్స్ బర్టన్ ఎవరు?

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, డబ్బర్లీ అనే చిన్న ఊరిలో, 1939 ఆగస్టు 21న పుట్టిన గిటారు వాద్యకారుడు. రికీ నెల్సన్, మెర్ల్ హ్యాగర్డ్, ఎల్విస్ ప్రెస్లీ, గ్రామ్ పార్సన్స్, ఎమిలూ హ్యారిస్, జాన్ డెన్వర్, ఎల్విస్ కాస్టెల్లో వంటి గాయకుల రికార్డుల్లోనూ, కచేరీల్లోనూ ఆయన వాద్యం వినిపిస్తుంది. పాశ్చాత్య సంగీతంతో ఏ కొంచెం పరిచయం ఉన్నవారైనా ఆయన గిటారును ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు, కాని వాయించినది ఎవరో తెలియకుండా విని ఉంటారు. మన సంగీత పరిభాషలో ఆయనను పక్కవాద్య కళాకారుడు అనడమే సరైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కర్ణాటక సంగీత కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి వెంట నడుస్తూ, గాయకుడు ఊపిరి తీసుకున్న చోట తాను పలికి, తిరిగి తగ్గిపోవడం మనకు తెలిసినదే. బర్టన్ ఆ పనినే అరవై ఏళ్లకు పైగా కంట్రీ (అమెరికా పల్లెపాటల నుంచి పెరిగిన సంగీతం), రాక్ సంగీతాల్లో చేశారు.

సెషన్ గిటారిస్టు అంటే ఏమిటి?

ఒక గాయకుడి బృందంలో శాశ్వత సభ్యుడు కాకుండా, రికార్డింగు ఉన్నప్పుడు మాత్రమే స్టూడియోకు పిలిపించుకునే వాద్యకారుడిని సెషన్ కళాకారుడు అంటారు. అమెరికాలో వీరి పని గంటలనూ, పారితోషికాన్నీ సంగీతకారుల సంఘం ఒప్పందాలు నిర్ణయిస్తాయి. ప్రామాణికమైన సెషన్ మూడు గంటలు. ఆ మూడు గంటల్లో, ముందెన్నడూ వినని మూడు నాలుగు పాటలను విని, ఒకటి రెండుసార్లు సాధన చేసి, రికార్డుకు ఎక్కించవలసి ఉంటుంది. పాట ఎంత పెద్ద విజయం సాధించినా వాద్యకారుడికి ముట్టేది ప్రధానంగా ఆ సెషన్ రుసుమే. పాట మీద వచ్చే రాయల్టీ రాసినవారికీ, గాయకుడికీ, రికార్డు సంస్థకూ చెందుతుంది. పైగా 1960ల వరకు చాలా రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు ఉండేవే కావు.

మద్రాసు రికార్డింగు థియేటర్లలో కాల్‌షీట్ల లెక్కన పనిచేసిన మన సినిమా వాద్యకారుల జీవితం తెలిసినవారికి ఇందులో కొత్తదనం కనిపించదు. ఇళయరాజా కూడా సంగీత దర్శకుడు కాకముందు అక్కడ ఇతరుల పాటలకు గిటారు వాయించినవారే.

ఆయన గిటారు ఎక్కడ, ఎలా నేర్చుకున్నారు?

గురువు దగ్గర కూర్చుని నేర్చుకోలేదు. రేడియో విని నేర్చుకున్నారు. కుటుంబం డబ్బర్లీ నుంచి ష్రీవ్‌పోర్ట్ నగరానికి మారడం ఆయన జీవితంలో నిర్ణాయకమైన సంఘటన అయింది. ఆ నగరంలో కే డబ్ల్యూ కే హెచ్ అనే 50,000 వాట్ల రేడియో కేంద్రం ఉండేది. అది మునిసిపల్ ఆడిటోరియంలో 1948 నుంచి శనివారం రాత్రుల్లో లూసియానా హేరైడ్ అనే కంట్రీ సంగీత కార్యక్రమాన్ని ప్రేక్షకుల సమక్షంలో ప్రసారం చేసేది. హ్యాంక్ విలియమ్స్‌కు పేరు తెచ్చిన వేదిక అది. 1954లో ఎల్విస్ ప్రెస్లీ దూరప్రాంతాల రేడియో శ్రోతలకు పరిచయమైనదీ అక్కడి నుంచే. అదే ఊరిలో నల్లజాతి గాయకుల బ్లూస్ సంగీతం కూడా రేడియోలోనూ, రికార్డు దుకాణాల్లోనూ నిరంతరం వినిపించేది. కంట్రీ వాద్యకారుడు చెట్ అట్కిన్స్ గిటారునూ, బ్లూస్ నుంచి ఎదిగిన చక్ బెర్రీ గిటారునూ ఒకే చెవితో, ఒకే వయసులో విన్న పిల్లవాడికి కంట్రీ వేరు, బ్లూస్ వేరు అనే గీత మనసులో పడకపోవడం సహజమే.

పదమూడేళ్ల ప్రాయంలో తల్లి ఆయనకు ష్రీవ్‌పోర్ట్‌లోని ఒక సంగీత వాద్యాల దుకాణంలో ఫెండర్ టెలీకాస్టర్ గిటారు కొనిపెట్టారు. ఆ మరుసటి ఏడాదికల్లా హేరైడ్ కార్యక్రమంలో వచ్చిపోయే గాయకులకు తోడు వాయించే బృందంలో చోటు దొరికింది. ప్రతి శనివారం వేర్వేరు గాయకులు, వేర్వేరు శ్రుతులు, సాధనకు సమయం లేని ప్రత్యక్ష ప్రసారం. బడి ఈడులోనే అటువంటి శిక్షణ పొందిన వ్యక్తికి తరువాతి రోజుల్లో హాలీవుడ్ స్టూడియోలు భయం కలిగించకపోవడంలో వింత లేదు.

"సూజీ క్యూ" పాట ఆయనదేనా? మరి రచయితల జాబితాలో ఆయన పేరు ఎందుకు లేదు?

1957లో డేల్ హాకిన్స్ పాడిన ఆ పాటను ష్రీవ్‌పోర్ట్‌లోని కే డబ్ల్యూ కే హెచ్ స్టూడియోలోనే రికార్డు చేశారు. పాట మొదలవగానే వినిపించి, చివరిదాకా వదలకుండా వెంటాడే గిటారు పల్లవి బర్టన్ కల్పన. పాటకు మాటలు రాకముందే ఆయన దానిని వాద్యగీతంగా వాయిస్తుండేవారు. హాకిన్స్ దానికి మాటలు కూర్చారు. అయితే రికార్డు మీద రచయితలుగా హాకిన్స్ పేరుతో పాటు స్టాన్ లూయిస్, ఎలినార్ బ్రాడ్‌వాటర్ పేర్లు వచ్చాయి. స్టాన్ లూయిస్ ష్రీవ్‌పోర్ట్‌లో రికార్డుల దుకాణం నడిపిన వ్యాపారి. పాట అమ్మకానికీ, ప్రసారానికీ తోడ్పడినవారికి రచనలో వాటా ఇవ్వడం ఆ రోజుల్లో మామూలుగా జరిగేది; గిటారు వాయించిన పదిహేడేళ్ల కుర్రవాడికి మాత్రం వాటా అడగవచ్చునన్న సంగతే తెలియదు.

1968లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం అదే పాటను తిరిగి పాడి దేశమంతటా వినిపించింది. ఆ పాటను తలుచుకుంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది మాటలు కాదు, ఆ గిటారు పల్లవి. పాటకు ప్రాణమైన భాగాన్ని ఇచ్చినవాడికి పాటలో హక్కు లేకపోవడం ఒక్క బర్టన్ అనుభవమే కాదు, సెషన్ వృత్తి పొడుగునా ఉన్న వాస్తవం. ఎంతటి పల్లవినైనా అలంకారంగా లెక్కకట్టి, రాగాన్నీ, మాటలనూ మాత్రమే రచనగా గుర్తించిన పద్ధతి అటువంటిది. బర్టన్ ఈ విషయాన్ని తగాదాగా మార్చలేదు. వ్యాసకర్తకు మాత్రం ఇది అన్యాయంగానే తోస్తుంది.

రికీ నెల్సన్ బృందంలో ఎలా చేరారు?

బర్టన్ బాబ్ లూమన్ అనే గాయకుడి బృందంతో కలిసి కాలిఫోర్నియాకు వెళ్లారు. వారు హాలీవుడ్‌లో ఇంపీరియల్ రికార్డు సంస్థ కార్యాలయంలో సాధన చేస్తుండగా రికీ నెల్సన్ విన్నారు. రికీ అప్పటికే ఇంటింటా తెలిసిన పేరు. తల్లిదండ్రులు ఓజీ, హ్యారియెట్‌ల నిజజీవిత కుటుంబమే పాత్రలుగా సాగిన టెలివిజన్ ధారావాహికలో నటిస్తూ పెరిగిన యువకుడు. తనకు సరైన గిటారు ధ్వని కావాలని వెతుకుతున్న ఆయన, బర్టన్‌నూ, బాస్ వాద్యకారుడు జేమ్స్ కర్క్‌లాండ్‌నూ వెంటనే పిలిపించుకున్నారు. కొంతకాలం బర్టన్ నెల్సన్ కుటుంబంతోనే, వారి ఇంట్లోనే ఉన్నారు.

మొదటి రికార్డుల్లో ప్రధాన గిటారు వాయించినది జో మేఫిస్ అనే పేరుమోసిన వాద్యకారుడు; బర్టన్ లయకు మాత్రమే పరిమితమయ్యారు. 1958లో వచ్చిన "బిలీవ్ వాట్ యూ సే" నుంచి ప్రధాన గిటారు బర్టన్ చేతికి వచ్చింది. 1961 నాటి "హలో మేరీ లూ"లో ఆయన వాయించిన సోలో కొన్ని క్షణాలు మాత్రమే ఉంటుంది, కాని ఇంగ్లండ్‌లో గిటారు నేర్చుకుంటున్న ఒక తరం కుర్రవాళ్లు రికార్డు సూదిని మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి దానిని నేర్చుకున్నారు. క్వీన్ బృందపు బ్రయాన్ మే ఆ ప్రభావాన్ని బాహాటంగా చెప్పుకున్నారు. తాను కొన్నది రికీ నెల్సన్ రికార్డులు కావని, జేమ్స్ బర్టన్ రికార్డులని రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ చమత్కరించిన సంగతి కూడా ప్రసిద్ధమే.

టెలివిజన్ ధారావాహిక చివర రికీ పాట పాడే ఘట్టం ఉండేది, వెనుక బర్టన్ నిలబడి కనిపించేవారు. సెషన్ కళాకారుల్లో ముఖం కూడా దేశానికి తెలిసిన అరుదైన వ్యక్తిగా ఆయన మిగలడానికి ఆ కొన్ని నిమిషాలే కారణం. ఆ దృశ్యాలను ఎవరు చూశారన్నది ముందు ముందు తెలుస్తుంది.

గిటారుకు బాంజో తీగలు ఎందుకు కట్టారు?

ఈ ప్రశ్నను గిటారు వాయించేవారే ఎక్కువగా అడుగుతారు, అడగవలసిందే, ఎందుకంటే ఆయన ధ్వని రహస్యంలో సగం ఇక్కడే ఉంది. 1950ల్లో అమెరికా దుకాణాల్లో దొరికే గిటారు తీగలు మందంగా ఉండేవి. మూడో తీగ చుట్టు వేసినది. అటువంటి తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని పైకి జార్చడం కష్టం, ఒక పూర్తి స్వరస్థానం వరకు లాగడం మరీ కష్టం. బర్టన్ సన్నని పై తీగల స్థానంలో ఇంకా సన్ననైన బాంజో తీగలను కట్టి, ఈ ఇబ్బందిని తొలగించుకున్నారు. అప్పుడు వేలి కొసతో తీగను అలవోకగా లాగి స్వరాన్ని వంచగలిగారు.

వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగి గమకం పలికించడం చూసినవారికి ఈ సూత్రం వెంటనే అర్థమవుతుంది. రెండూ ఒకటే అనడం లేదు. మన గమకానికి రాగం నియమం చెబుతుంది, బర్టన్ లాగుడుకు పెడల్ స్టీల్ గిటారూ (పడుకోబెట్టి, ఉక్కు కడ్డీతోనూ పెడళ్లతోనూ స్వరాలను జారుస్తూ వాయించే గిటారు), బ్లూస్ గాయకుడి గొంతూ ఆదర్శాలు. కాని మెట్టు ఇచ్చే స్వరంతో తృప్తిపడక, ఆ స్వరానికీ పై స్వరానికీ నడుమ ఉన్న జారును వినిపించాలన్న కోరిక రెండు చోట్లా ఒకటే. 1960ల తొలి ఏళ్లలో సన్నని తీగల సెట్లు మార్కెట్టులోకి వచ్చి అందరికీ దొరికాయి. అంతకు ముందే ఒక కుర్రవాడు బాంజో పొట్లం విప్పి ఆ పని చేసుకున్నాడు.

"చికెన్ పికింగ్" అంటే కోడికి సంబంధించినదా?

శబ్దానికి సంబంధించినది. తీగను వేలితో పైకి లాగి విడిచిపెట్టి, వెంటనే ఎడమచేతితో నొక్కి మూగబోయేలా చేస్తే, కోడి గింజలు ఏరుకుంటూ చేసే కొక్కొక్ శబ్దం లాంటిది పుడుతుంది. బర్టన్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మీటు బిళ్లను పట్టుకుని, మధ్యవేలికి మరొక తొడుగు ధరించి వాయిస్తారు. బిళ్లతో ఒక తీగ, తొడుగు వేలితో మరొక తీగ, ఒకదానికొకటి జవాబు చెబుతున్నట్టు పలుకుతాయి. ఈ పద్ధతిని ఆయన ఒక్కరే కనిపెట్టారనడం అతిశయోక్తి. అయితే దానిని రాక్ రికార్డుల్లో లక్షలాది మంది వినేలా చేసినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు.

గులాబీ రంగు పూల గిటారు కథ ఏమిటి?

టెలీకాస్టర్ అనేది కాలిఫోర్నియాలోని ఫెండర్ సంస్థ 1950ల ఆరంభంలో తయారుచేసిన, బోలు లేని చెక్క దిమ్మ మీద నిర్మించిన విద్యుత్ గిటారు. ఎటువంటి హంగూ లేని వాద్యం. తీగలు ఆనే వంతెన దగ్గరి పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం) నుంచి వచ్చే శబ్దం పదునుగా, గాజు మీద గీత గీసినట్టు ఉంటుంది. బర్టన్ బాల్యంలో కొన్న టెలీకాస్టర్ నుంచి మొదలుకొని ఎప్పుడూ ప్రధానంగా ఈ నమూనానే పట్టుకున్నారు. 1968లో ఫెండర్ సంస్థ అప్పటి యువతరం అభిరుచిని దృష్టిలో పెట్టుకుని, గులాబీ రంగు మామిడిపిందె డిజైన్ల కాగితం అంటించిన టెలీకాస్టర్లను విడుదల చేసింది. అవి పెద్దగా అమ్ముడుపోలేదు, త్వరలోనే తయారీ ఆగిపోయింది. 1969లో అటువంటిదొకటి బర్టన్‌కు ఇచ్చారు. ఎల్విస్ వేదిక మీద దీనిని వాడితే ఆయన ఏమనుకుంటారోనని బర్టన్ మొదట సంకోచించారు, ఎల్విస్‌కు అది నచ్చింది. అంగళ్లలో మిగిలిపోయిన ఆ డిజైనే చివరికి ఆయన గుర్తు అయింది. మామిడిపిందె మన కలంకారీ దుప్పట్ల మీద, పట్టుచీరల అంచుల మీద ఎప్పటినుంచో ఉన్న నమూనా కావడంతో, ఆ గిటారును మొదటిసారి చూసిన తెలుగువారికి అది ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

1960ల్లో హాలీవుడ్ స్టూడియోల్లో ఆయన పని ఎలా ఉండేది?

1964లో ఏబీసీ టెలివిజన్‌లో జాక్ గుడ్ నిర్మాణంలో షిండిగ్ అనే సంగీత కార్యక్రమం మొదలైంది. దాని ఆస్థాన బృందాల్లో ఒకటైన షిండాగ్స్‌లో బర్టన్ చేరారు; పియానో వాయించిన గ్లెన్ డి. హార్డిన్‌తో స్నేహం అక్కడే బలపడింది. ఆ కార్యక్రమానికి వచ్చిన గాయకులూ, నిర్మాతలూ ఆయన పనితనాన్ని దగ్గరగా చూశారు. తరువాత స్టూడియోల నుంచి పిలుపులు ఎడతెగకుండా వచ్చాయి. హాల్ బ్లేన్, టామీ టెడెస్కో, కెరోల్ కే, గ్లెన్ క్యాంప్‌బెల్ వంటివారితో కూడిన, రెకింగ్ క్రూ అని తరువాత పేరుపడిన లాస్ ఏంజెలెస్ స్టూడియో కళాకారుల లోకంలో ఆయనా ఒకరు.

ఈ కాలంలో ఆయన గిటారుతో పాటు డోబ్రో కూడా విరివిగా వాయించారు. లోహపు పళ్లెం అమర్చిన గిటారు అది. దాని రొద కొంచెం తగరపు రేకు మీద వాన పడ్డట్టు ఉంటుంది. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ బృందపు 1967 నాటి "ఎ చైల్డ్స్ క్లెయిమ్ టు ఫేమ్" పాటలో వినిపించే డోబ్రో ఆయనదే. జూడీ కాలిన్స్ 1968 ఆల్బమ్‌లోనూ, జోనీ మిచెల్ 1972 ఆల్బమ్‌లో ఒక పాటలోనూ ఆయన వాయించారు. ఈ గాయనులిద్దరూ కంట్రీ గాయనులు కారు. అయినా వారి పాటల మధ్య ఆయన గిటారు అతిథిలా కాక ఇంటి మనిషిలా ఉంటుంది.

ఆయనను కంట్రీ కళాకారుడు అనాలా, రాక్ కళాకారుడు అనాలా?

ఈ విభజన రికార్డు దుకాణాల అరలకు అవసరం, ఆయన చేతులకు కాదు. కాని ప్రశ్నకు ఆధారం ఉంది కనుక సమాధానం చెప్పాలి. నాష్‌విల్ నగరంలో తయారయ్యే కంట్రీ సంగీతం వయొలిన్ల బృందాలతో మెత్తబడుతున్న కాలంలో, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ పట్టణం నుంచి టెలీకాస్టర్ పదునుతో కూడిన మొరటు కంట్రీ వచ్చింది. దాని ముఖ్య గాయకుల్లో మెర్ల్ హ్యాగర్డ్ ఒకరు. 1968 నాటి "మామా ట్రైడ్", 1969 నాటి "వర్కిన్ మ్యాన్ బ్లూస్" కాలంలో హ్యాగర్డ్ రికార్డుల్లో ఆయన సొంత గిటారిస్టు రాయ్ నికల్స్‌తో పాటు బర్టన్ కూడా వాయించారు. రాక్ రికార్డుల్లో నేర్చిన దూకుడు అక్కడ కంట్రీకి పనికివచ్చింది. కంట్రీలో నేర్చిన పొదుపు ఎల్విస్ దగ్గర రాక్‌కు పనికివచ్చింది.

ఎల్విస్ ప్రెస్లీ ఆయనను ఎలా పిలిచారు?

1968లో ఎల్విస్ టెలివిజన్ ప్రత్యేక కార్యక్రమానికే పిలుపు వచ్చింది. అప్పుడు ఫ్రాంక్ సినాట్రా రికార్డింగు పనిలో ఉండటంతో బర్టన్ వెళ్లలేకపోయారు. 1969లో ఎల్విస్ స్వయంగా ఫోను చేసి, లాస్ వెగాస్‌లో వేదిక ఎక్కబోతున్నానని, బృందాన్ని సమకూర్చాలని అడిగారు. ఆ సంభాషణ గంటల తరబడి సాగిందని, రికీ నెల్సన్ పాట చివర బర్టన్ వాయించడం చూడటానికే తాను ఆ టెలివిజన్ ధారావాహికను చూసేవాడినని ఎల్విస్ తనతో అన్నారని బర్టన్ ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

స్టూడియో పని మానుకుని వెళ్లడం చిన్న నిర్ణయం కాదు. రోజుకు పలు సెషన్లు ఉన్న కళాకారుడు నెల రోజులు ఊరు విడిచి వెళితే, ఆయన కుర్చీలో మరొకరు కూర్చుంటారు. తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందన్న హామీ లేదు. అయినా బర్టన్ ఒప్పుకున్నారు. బాస్‌కు జెర్రీ షెఫ్, డ్రమ్స్‌కు రానీ టట్, పియానోకు లారీ ముహోబెరాక్, లయ గిటారుకు జాన్ విల్కిన్సన్ వచ్చారు. 1970 నుంచి పియానో దగ్గర గ్లెన్ డి. హార్డిన్ కూర్చున్నారు. ఇదే టీసీబీ (టేకింగ్ కేర్ ఆఫ్ బిజినెస్) బృందంగా పేరుపొందింది. 1969 జూలై 31న ఇంటర్నేషనల్ హోటల్‌లో తొలి ప్రదర్శన జరిగింది. 1961 తరువాత ఎల్విస్ ప్రేక్షకుల ముందు కచేరీ చేయడం అదే మొదలు. నాలుగు వారాల్లో 57 ప్రదర్శనలు ఇచ్చారు.

ఎల్విస్ వేదిక మీద బర్టన్ పని ప్రత్యేకత ఏమిటి?

సోలో సమయం వచ్చినప్పుడు ఎల్విస్ "ప్లే ఇట్, జేమ్స్" అని పిలిచేవారు. అభిమానులకు కంఠస్థమైన మాట అది. అయితే ఆ సోలోలను మాత్రమే వినేవారు అసలు పనిని వినడం లేదని చెప్పాలి. ఎల్విస్ ఏ రాత్రి ఏ పాటను ఏ వేగంతో ఎత్తుకుంటారో, ఎక్కడ ఆపి ప్రేక్షకులతో మాట్లాడతారో, ఏ చరణాన్ని రెండోసారి పాడతారో ముందుగా తెలియదు. వెనుక లయ బృందం, గాయనీగాయక బృందాలు, పెద్ద వాద్యబృందం ఉంటాయి. ఇంతమంది మధ్యలో గాయకుడి భుజాన్నీ, ఊపిరినీ గమనిస్తూ, ఒక పంక్తి ముగిసి మరొకటి మొదలయ్యే సందులో నాలుగైదు స్వరాలు పలికి తప్పుకోవడం బర్టన్ పని. ఆయన ఎక్కడ వాయించారో ఎంత ముఖ్యమో, ఎక్కడ వాయించలేదో అంత ముఖ్యం.

1973 జనవరి 14న హొనొలులు నుంచి ఉపగ్రహం ద్వారా ప్రసారమైన కచేరీలో ఈ పనితనాన్ని స్పష్టంగా చూడవచ్చు. 1969 నుంచి వెయ్యికి పైగా కచేరీల్లో బర్టన్ ఎల్విస్ వెంట ఉన్నారు. చివరి కచేరీ 1977 జూన్ 26న ఇండియానాపొలిస్‌లో జరిగింది. ఆగస్టు 16న బృందం తదుపరి యాత్ర కోసం మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌కు విమానంలో వెళుతుండగా, కొలరాడోలోని ప్యూబ్లోలో దిగినప్పుడు ఎల్విస్ మరణవార్త తెలిసింది. అక్కడి నుంచే వెనుదిరిగారు.

గ్రామ్ పార్సన్స్, ఎమిలూ హ్యారిస్‌లతో ఆయన సంబంధం ఏమిటి?

కంట్రీనీ రాక్‌నూ కలిపి ఒక కొత్త సంగీతం చేయాలని తపించిన గ్రామ్ పార్సన్స్, ఎల్విస్ బృందపు కళాకారులే కావాలని పట్టుబట్టి, బర్టన్‌నూ, హార్డిన్‌నూ, టట్‌నూ తన రికార్డింగులకు పిలిపించుకున్నారు. 1973లో మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన మరణించారు. రెండోది 1974లో, మరణానంతరం వచ్చింది. అమ్మకాల్లో రెండూ విఫలమయ్యాయి. తరువాతి తరం మాత్రం వాటిని పాఠ్యగ్రంథాల్లా వింది.

పార్సన్స్‌తో జంటగా పాడిన ఎమిలూ హ్యారిస్ 1975లో సొంత బృందాన్ని ఏర్పరచుకున్నప్పుడు బర్టన్, హార్డిన్ అందులో చేరారు. ఎల్విస్ కచేరీల తేదీలకు అడ్డురాకుండా ఆమె తన యాత్రలను అమర్చుకోవలసి వచ్చేది. ఇది ఎంతోకాలం సాగేది కాదు. 1976లో ఇద్దరికీ ఒకటి ఎంచుకోవలసి రాగా, హార్డిన్ ఎమిలూ వైపు వెళ్లారు, బర్టన్ ఎల్విస్ దగ్గరే ఉండిపోయారు. ఆమె బృందంలో ఆయన స్థానంలోకి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆల్బర్ట్ లీ, బర్టన్ వాద్యాన్ని వింటూ పెరిగినవారే. సంగీతపరంగా ఆలోచిస్తే, ఎమిలూ దగ్గర గిటారుకు చోటు ఎక్కువ. ఎల్విస్ చివరి సంవత్సరాల్లో కచేరీల నాణ్యత ఒకేలా లేదు. ఆ కారణంగా బర్టన్ ఎంపికను తప్పుపట్టేవారున్నారు. ఏడేళ్లు వెన్నంటి నిలిచిన గాయకుడిని, ఆయన తడబడుతున్న సమయంలో విడిచివెళ్లకపోవడాన్ని వ్యాసకర్త తప్పుగా చూడలేరు.

ఎల్విస్ తరువాత ఏం చేశారు?

జాన్ డెన్వర్ బృందంలో చాలా ఏళ్లు వాయించారు. 1986లో ఎల్విస్ కాస్టెల్లో "కింగ్ ఆఫ్ అమెరికా" ఆల్బమ్‌కు షెఫ్, టట్‌లతో కలిసి పనిచేశారు. 1987 సెప్టెంబరు 30న లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్ కోకోనట్ గ్రోవ్‌లో రాయ్ ఆర్బిసన్ కచేరీని నలుపు తెలుపుల్లో చిత్రీకరించారు. వెనుక వాయించినది పాత టీసీబీ బృందమే. అందులో చివరికి వచ్చే "ప్రెటీ వుమన్" పాటలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, బర్టన్ ఒకరి తరువాత ఒకరు గిటారుతో మాట్లాడుకుంటారు. స్ప్రింగ్‌స్టీన్ ముఖంలో కనిపించే సంతోషం గురువు పక్కన కూర్చునే అవకాశం దొరికిన శిష్యుడిది.

1997 నుంచి మరొక విచిత్రమైన పని వచ్చింది. ఎల్విస్ పాత కచేరీల దృశ్యాలను తెర మీద చూపిస్తూ, ఆయన గొంతును మాత్రం ఉంచి, మిగిలిన సంగీతాన్ని అసలు బృందం వేదిక మీద ప్రత్యక్షంగా వాయించే ప్రదర్శనలు మొదలై, అనేక దేశాలు తిరిగాయి. జీవించి ఉన్న గాయకుడు తప్పు చేస్తే వాద్యకారుడు సర్దుకుంటాడు. తెర మీది గాయకుడు ఏ రాత్రీ మారడు, సర్దుబాటు అంతా వాద్యకారులదే. తెర నుంచి "ప్లే ఇట్, జేమ్స్" అని వినిపించగానే, పాతికేళ్లు పెద్దవాడైన బర్టన్ కింద నిలబడి వాయించేవారు.

సొంత ఆల్బమ్‌లు ఎందుకు తక్కువ?

1960ల్లో స్టీల్ గిటారు కళాకారుడు రాల్ఫ్ మూనీతో కలిసి ఒకటి, 1971లో ఒంటరిగా ఒకటి వచ్చాయి. రెండూ వినదగినవే, కాని వాటిలో ఆయన కొంత దారితప్పినట్టు అనిపిస్తారు. జవాబు చెప్పడంలో దిట్ట అయిన మనిషికి ప్రశ్న వేసేవారు లేకపోతే ఎలా ఉంటుందో ఆ ఆల్బమ్‌లు అలా ఉంటాయి. ఆయన ప్రధాన గాయకుడిగా స్థిరపడే ప్రయత్నమూ చేయలేదు.

ఆయనకు దక్కిన గుర్తింపు ఏమిటి?

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ పక్కవాద్య కళాకారుల కోసం 2000లో ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. మరుసటి ఏడాదే బర్టన్‌ను చేర్చుకుంది. ఆయనను సభకు పరిచయం చేసినది కీత్ రిచర్డ్స్. కంట్రీ గాయకుడు బ్రాడ్ పైస్లీ ఆల్బమ్‌లో పలువురు గిటారిస్టులు కలిసి వాయించిన ఒక వాద్యగీతానికి 2009లో గ్రామీ పురస్కారం లభించింది, వారిలో ఆయన ఒకరు. ఫెండర్ సంస్థ ఆయన పేరుతో టెలీకాస్టర్ నమూనాను 1990లో తెచ్చింది. ష్రీవ్‌పోర్ట్ మునిసిపల్ ఆడిటోరియం ముందు ఎల్విస్ విగ్రహంతో పాటు ఆయన విగ్రహమూ ఉంది. 2005లో ఆయన అదే నగరంలో గిటారు ఉత్సవాన్ని మొదలుపెట్టారు. ఆయన పేరిట నడిచే ఫౌండేషన్ పిల్లలకు గిటార్లు అందజేస్తుంది.

మొదటిసారి వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

"సూజీ క్యూ"తో మొదలుపెట్టి, గిటారును మాత్రమే వినండి. తరువాత "హలో మేరీ లూ" సోలోను వినండి; అది ముగిసేలోపు తీగను ఎన్నిసార్లు లాగారో లెక్కపెట్టడం మంచి అభ్యాసం. మూడోది 1969 నాటి లాస్ వెగాస్ ప్రత్యక్ష రికార్డింగుల్లో ఏదైనా సరే. అప్పుడు ఒక పని చేయాలి: ఎల్విస్ పాడుతున్నప్పుడు కాకుండా, ఆయన పంక్తి ముగించి ఊపిరి తీసుకునే చోట చెవి పెట్టాలి. ఎమిలూ హ్యారిస్ 1975 నాటి ఆల్బమ్‌లలో ఒకదానిని చివరికి ఉంచుకుంటే మేలు, ఎందుకంటే అందులో గిటారు నెమ్మదిగా పలుకుతుంది, ఆ పలుకును పట్టుకోవడానికి అప్పటికి మీ చెవి సిద్ధమై ఉంటుంది.